పాపకు రిఫరల్ చీటీ ఇచ్చి 20 రోజులైంది, ఫోన్ రాలేదు. ఎదురుచూడాలా, వెళ్లిపోవాలా?

పాకాల దగ్గర పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పాపకు 14 నెలలు. పట్టుకుని నిలబడుతుంది, చక్కగా నవ్వుతుంది, కానీ వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగదు, ఇంతవరకూ ఒక్క మాట రాలేదు. అంగన్‌వాడీకి వచ్చిన ఆరోగ్య బృందం చూసి, వినికిడి లోపం ఉండొచ్చని రాసి, బాలల సత్వర చికిత్స కేంద్రానికి వెళ్లమని చీటీ ఇచ్చింది. 'వాళ్లే ఫోన్ చేస్తారా? మేమే పోవచ్చా? చీటీలో తేదీ లేదు, పోతే వెనక్కి పంపిస్తారేమో. వాళ్ల నాన్న కూడా మూడేళ్లకు మాట్లాడినాడు, ఆగమంటోంది మా అత్త' అని రాశారు.

అమ్మా, ఫోన్ కోసం ఆగొద్దు. ఈ వారంలోనే ఒక పనిదినం చూసుకుని, చీటీ తీసుకుని పొద్దున్నే వెళ్లిపోండి. చీటీలో తేదీ లేదంటే ఏ పనిదినమైనా వెళ్లొచ్చని అర్థం. చీటీ పోయినా సరే, పాపను తీసుకెళ్తే చూస్తారు. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ రాయించుకోవడానికి రిఫరల్ చీటీ తప్పనిసరి కాదు. చీటీ ఉంటే ఏ గదికి పోవాలో తొందరగా తెలుస్తుంది, అంతే. వినికిడి విషయంలో మాత్రం 20 రోజులు కూడా చిన్న సంగతి కాదు. ఎందుకో కింద చెబుతాను.

నేను ఏఎన్ఎంగా చేరి, తర్వాత సూపర్‌వైజర్‌గా, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 20 ఏళ్లకు పైగా పనిచేశాను. చివరి ఏళ్లలో నా పనంతా ఇదే: చీటీ రాసిన పిల్లలు నిజంగా వెళ్లారా, వెళ్తే ఏం చెప్పారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అని ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవడం. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. మీలాగే చీటీ చేతిలో పట్టుకుని ఫోన్ కోసం చూస్తున్న వాళ్లు చాలామంది ఉంటారు.

చీటీ ఎలా పుట్టిందో మొదట చూద్దాం. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఆర్‌బీఎస్‌కే అంటారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో నాలుగు రకాల సమస్యలు వెతకడం దాని పని: పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం. అంగన్‌వాడీకి ఏడాదికి 2 సార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి బృందం రావాలని నియమం. ఆ బృందం చేసేది వడపోత మాత్రమే. జబ్బు ఉందని వాళ్లు తేల్చరు, 'అనుమానం ఉంది, పెద్దవాళ్లు చూడాలి' అని రాస్తారు. మీ చీటీ చూసి పాపకు చెవుడని ఏడవనక్కర్లేదు, పరీక్ష జరిగేదాకా అది అనుమానమే. అలాగని ఏమీ ఉండదులే అని పెట్టెలో కూడా పెట్టొద్దు.

బృందం దగ్గర ఆ రోజు చూసిన పిల్లలందరి లిస్టు ఉంటుంది. అది పీహెచ్‌సీకి, అక్కడి నుంచి జిల్లాకు పోతుంది. కొన్ని చోట్ల మీ ఆశా కార్యకర్త వచ్చి గుర్తుచేస్తుంది, కొన్ని చోట్ల ఫోన్ వస్తుంది. రాకపోతే మీ పేరు కొట్టేశారని కాదు. ఒక ఏఎన్ఎం చేతిలో టీకాలు, గర్భిణులు, బీపీ, షుగర్, జ్వరాల సర్వే అన్నీ ఉంటాయి. నేను ఆ పని చేసినదాన్ని కాబట్టి చెబుతున్నా, మా లిస్టులో వరసగా పేర్లే కనిపిస్తాయి, బిడ్డ మీ చంకలో ఉంటుంది. మీరు కదిలితేనే చీటీ కదులుతుంది.

ఇక వినికిడికి అంత తొందర ఎందుకంటే. బిడ్డ పుట్టిన నెలలోపు వినికిడి వడపోత, మూడు నెలలకల్లా లోపం ఉందో లేదో తేల్చడం, ఆరు నెలలకల్లా చికిత్స మొదలుపెట్టడం — లోకమంతా పాటించే లెక్క ఇది. మాట నేర్చుకునే శక్తి మొదటి మూడేళ్లలో ఉన్నంత తర్వాత ఉండదు. చెవిలో శబ్దం పడకపోతే ఆ శక్తి వాడకుండానే పోతుంది. మీ పాపకు 14 నెలలు. ఆలస్యం అయిందని బాధపడే సమయం కాదిది, ఇంకా చాలా చేయగలిగిన వయసు. మూడేళ్లు వచ్చేదాకా ఆగితే మాత్రం నేను ఈ మాట అనలేను.

మీ అత్తగారి మాట నేను తీసిపారేయను. ఆలస్యంగా మాట్లాడే పిల్లలు ఉన్నారు. కానీ అలా ఆలస్యమయ్యే బిడ్డ కూడా పిలిస్తే తిరుగుతుంది, 'నాన్న ఏడీ' అంటే నాన్న వైపు చూస్తుంది. మీ పాప తిరగడం లేదని మీరే రాశారు. పళ్లెం కింద పడితే ఉలిక్కిపడింది కదా, వినిపిస్తున్నట్టే కదా అని కూడా అడిగారు. పళ్లెం పడితే నేల అదురుతుంది, అది కాళ్లకు తెలుస్తుంది. తలుపు వేస్తే గాలి తగులుతుంది. ఎదురుగా చప్పట్లు కొడితే చెయ్యి కనిపిస్తుంది. కొందరికి పెద్ద శబ్దం వినపడి మాట వినపడదు. ఇంట్లో చేసే పరీక్షలతో తేలదు, బెరా పరీక్ష చేస్తేనే తేలుతుంది.

ఆ బెరా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పోయిన రోజు పరీక్ష జరగక తిరిగొచ్చేది దీనివల్లే. నుదుటి మీద, చెవుల వెనక చిన్న తీగలు అంటించి, చెవిలో శబ్దం పెట్టి, మెదడు దాకా ఆ శబ్దం చేరుతుందా అని యంత్రంలో చూస్తారు. నొప్పి ఉండదు. కానీ బిడ్డ కదలకుండా నిద్రపోవాలి. మన వాళ్లు ఏం చేస్తారంటే, పొద్దున్నే పాపకు నిండుగా పాలిచ్చి బస్సెక్కుతారు. పాకాల నుంచి తిరుపతికి గంట పైన ప్రయాణం, ఆ కుదుపుకి పాప హాయిగా నిద్రపోతుంది. ఆసుపత్రి మెట్లెక్కేసరికి కళ్లు పెద్దవి చేసుకుని ఆడుకుంటుంది. ఇక పరీక్ష జరగదు. నిద్రమందు సిరప్ ఇచ్చినా ఒక్కోసారి నిద్రపోరు. కాబట్టి పరీక్ష తేదీ ఇచ్చిన రోజు:

ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టండి, తెల్లారుజామునే లేపండి, బస్సులో నిద్రపోనివ్వకండి. బొమ్మ చేతికివ్వండి, కిటికీలోంచి చూపించండి, ముఖం తడిగుడ్డతో తుడవండి. పాలు, అన్నం సంగతి పరీక్ష చేసేవాళ్లను ముందే అడగండి, నిద్రమందు ఇచ్చేటట్టయితే ఎంతసేపు ముందు ఆపాలో వాళ్లే చెబుతారు. తలకు, ముఖానికి నూనె రాయకండి, నూనె ఉంటే తీగలు అంటవు. ముందురోజే తలస్నానం చేయించండి.

ఇంకొక మాట. 'తిరుమలలో పుట్టువెంట్రుకలు ఇవ్వలేదు, అంతదాకా తల ముట్టించకూడదు' అని పరీక్ష వాయిదా వేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. బెరాకి ఒక్క వెంట్రుక కూడా తీయరమ్మా. మొక్కు మొక్కులాగే ఉంటుంది, పరీక్ష పరీక్షలాగే అవుతుంది.

మొదటి రోజే బెరా చేస్తారని అనుకోవద్దు. మొదట చెవి, ముక్కు, గొంతు డాక్టరు చెవిలోకి చూస్తారు. గులిమి అడ్డుపడినా, జలుబు వల్ల చెవి లోపల నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. అది మందులతో పోయేదైతే ముందు అదే చూస్తారు. తర్వాత బెరాకి తేదీ ఇస్తారు. ఆ తేదీ మీ చీటీ మీదే రాయించుకోండి.

తీసుకెళ్లాల్సినవి: మాతా శిశు సంరక్షణ కార్డు అన్నిటికంటే ముఖ్యం. టీకాల కార్డు అని మనం అనే ఆ పుస్తకమే. అందులో బరువు గీతలు, పుట్టినప్పటి వివరాలు ఉంటాయి. కాన్పు అయిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం ఉంటే తప్పక పెట్టుకోండి. పుట్టగానే ఏడ్చిందా, ఎంత బరువు, కామెర్లకు లైటు కింద పెట్టారా, అద్దాల పెట్టెలో ఉంచారా అన్నవి వినికిడికి నేరుగా సంబంధించిన ప్రశ్నలు, డాక్టరు మొదట అడిగేవి అవే. ఆధార్, రైస్ కార్డు, చీటీ. ఇంకా, ఇంట్లో పాప ఆడుకుంటుండగా వెనక నుంచి పిలిచి, తిరగకపోవడం ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. కొత్తచోట పిల్లలు బిక్కచచ్చి కూర్చుంటారు, ఇంట్లో ఎలా ఉంటారో డాక్టరుకి కనిపించదు. ఈ వీడియో చాలాసార్లు పనికొచ్చింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నేను ఏఎన్ఎంగా ఉన్న రోజుల్లో ఒక బాబు, 5 నెలలవాడు, ఎడమ కంటి పాపలో తెల్లగా కనిపించింది. నేనే చూసి నేనే చీటీ రాశాను. ఏం రాశానంటే, 'తదుపరి చికిత్స నిమిత్తం పెద్దాసుపత్రికి పంపడమైనది.' అంతే. కన్ను అనే మాటే లేదు. వాళ్లమ్మ పోయింది, ఓపీ దగ్గర 'ఏమైంది' అని అడిగితే వాడికి ఆ రోజు దగ్గు కూడా ఉంది కాబట్టి దగ్గని చెప్పింది. పిల్లల డాక్టరు దగ్గరికి పంపారు, దగ్గు సిరప్ రాశారు, ఇంటికొచ్చేసింది. 'పోయొచ్చినాంమ్మా, సిరప్పు ఇచ్చినారు' అంటే నేను కూడా రిజిస్టర్‌లో 'వెళ్లారు' అని టిక్కు పెట్టాను. రెండు నెలల తర్వాత టీకాకి వచ్చినప్పుడు చూస్తే కన్ను అలాగే ఉంది. పుట్టుశుక్లం. పసిపిల్లల్లో శుక్లం వారాల్లో తీయాల్సిన పని, కన్ను చూడటం మెదడుకి అలవాటయ్యేది ఆ వయసులోనే. ఆపరేషన్ అయింది, కానీ ఆ కంటి చూపు పూర్తిగా రాలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఊళ్లో ఎదురుపడితే పలకరిస్తాడు. నాకు ఆ చీటీ కళ్లముందు కనబడుతుంది.

అప్పటి నుంచి నేను చీటీలో మూడు రాయకుండా వదల్లేదు: ఏం కనిపించింది, ఎప్పటి నుంచి, ఏ విభాగం చూడాలి. మీ చీటీ తీసి చూసుకోండి. 'వినికిడి అనుమానం' అని ఉంది కాబట్టి బాగానే ఉంది. లేకపోతే మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారి (ఎంఎల్‌హెచ్‌పీ అంటారు)తోనో పీహెచ్‌సీ డాక్టరుతోనో రాయించుకోండి, రెండు నిమిషాల పని. ఓపీ కౌంటర్లో 'ఏమైంది' అంటే ఒకే మాట చెప్పండి: 'పాపకు వినపడటం లేదని పంపినారు.' జలుబు, దగ్గు సంగతి డాక్టరు ముందు చెప్పొచ్చు.

(కంటి పాపలో తెలుపు కనిపిస్తే చదివేవాళ్లెవరూ ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా వచ్చినా అంతే. అది శుక్లం కావచ్చు, కంటిలో గడ్డ కూడా కావచ్చు. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డలకు నెలలోపు రెటీనా పరీక్ష జరగాలి. డిశ్చార్జి చేసేటప్పుడు ఆ తేదీ అడిగి తీసుకోండి.)

ఎక్కడికి వెళ్లాలి అన్నారు. చీటీ మీద కేంద్రం పేరు ఉంటే అక్కడికే. అర్థం కాకపోతే పీహెచ్‌సీలో అడిగి వెళ్లండి. సత్వర చికిత్స కేంద్రంలో పిల్లల డాక్టరు, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు, కంటి పరీక్ష చేసేవాళ్లు ఒకేచోట ఉండాలన్నది దాని ఏర్పాటు. ఏ రోజు ఏ నిపుణుడు ఉంటాడో ముందు ఫోన్‌లో కనుక్కోవడం మంచిది. లేదంటే తిరుపతిలో రుయా ఉంది, ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి, పిల్లల విభాగం, చెవి విభాగం రెండూ అక్కడే. స్విమ్స్ ఉంది. ఎముకలు, కాళ్లు చేతుల వంకర్లకు టీటీడీ వారి బర్డ్. గుండెకు 2021 అక్టోబరులో మొదలైన శ్రీ పద్మావతి హృదయాలయం. అంతకుముందు గుండెలో రంధ్రం ఉన్న బిడ్డను పట్టుకుని చెన్నైకో హైదరాబాదుకో పోవాల్సి వచ్చేది, భాష రాక, ఉండే చోటు లేక వాళ్లు పడిన అవస్థ నేను చూశాను. చిత్తూరు వైపు వాళ్లకు చిత్తూరు జిల్లా ఆసుపత్రి దగ్గర. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక 'మీది ఏ జిల్లా' అనే ప్రశ్న వస్తుంటుంది. మీ పాకాల ఇప్పుడు తిరుపతి జిల్లా.

వేలూరు పొమ్మని చుట్టాలు అంటున్నారని రాశారు. వెళ్లొచ్చు, మంచి వైద్యమే. కానీ అది వేరే రాష్ట్రం. ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వస్తుందా లేదా అన్నది బయల్దేరే ముందు 104కి ఫోన్ చేసి గానీ, పథకం ఉన్న ఆసుపత్రిలో రోగులకు సాయంగా కూర్చునే ఆరోగ్యమిత్రను గానీ అడిగి తెలుసుకోండి. పథకం పేరు చాలాసార్లు మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, మన నోట ఇంకా ఆరోగ్యశ్రీనే. అది వర్తించే ఆసుపత్రిలో అనుమతి ఆసుపత్రివాళ్లే ఆన్‌లైన్‌లో తెచ్చుకుంటారు, మీరు కార్డు చూపిస్తే చాలు. ముందు డబ్బు కట్టి తర్వాత తెచ్చుకుందాం అనుకుంటే కష్టం. ప్రైవేటులో బెరా చేయించినా తప్పులేదు, రిపోర్టు కాగితం మాత్రం చేతికి తీసుకోండి.

పరీక్షలో వినికిడి మామూలుగా ఉందని తేలితే? సంతోషించండి, కానీ అక్కడి నుంచి నేరుగా ఇంటికి రావొద్దు. పిలిస్తే తిరగకపోవడానికి, మాట రాకపోవడానికి వేరే కారణాలు ఉండొచ్చు. 'వినపడుతోంది, మరి ఎందుకు పలకడం లేదు' అని అడిగి ఎదుగుదల అంచనా కూడా చేయించండి. కళ్లలోకి చూస్తుందా, వేలు పెట్టి చూపిస్తుందా, టాటా చెబుతుందా అని చూస్తారు. 18 నెలలకు మళ్లీ రమ్మంటే తప్పక వెళ్లండి. లోపం ఉందని తేలితే మొదట వినికిడి యంత్రం పెడతారు, దానితో పాటు మాట నేర్పించే తరగతులు. యంత్రంతో సరిపోని పిల్లలకు చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది, అది కూడా పథకంలో ఉంది. దానికి వయసు పరిమితి ఉంటుంది, అందుకే ఈ తొందరంతా. ఇంకొంచెం పెద్దయ్యాక మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉపయోగపడుతుంది.

మొదటిసారి పోవడంతో పని అయిపోయిందనుకునే వాళ్ల గురించి కూడా రాయాలి. ఏర్పేడు వైపు ఒక బాబు పాదాలు లోపలికి వంకర. చీటీ ఇచ్చినా నానమ్మ దాన్ని దేవుడి పటం వెనక పెట్టింది, 'నామకరణం గానీ, ఆమీట జూద్దాం' అంది. మేం నాలుగుసార్లు పోతే అప్పుడు కదిలారు. వారానికొక సిమెంటు కట్టు, ఆరు కట్లు, తర్వాత మడమ దగ్గర చిన్న కోత, పాదాలు ముద్దుగా నేరుగా వచ్చాయి. ఆ తర్వాత రాత్రిళ్లు నాలుగేళ్లు వచ్చేదాకా కడ్డీ ఉన్న బూట్లు తొడగాలి. పిల్లవాడు ఏడుస్తున్నాడని ఆరు నెలలకే మానేశారు. ఏడాదిలో పాదం మళ్లీ తిరిగింది. మళ్లీ మొదటి కట్టు నుంచి మొదలు. రెండోసారి ఆ నానమ్మే రోజూ రాత్రి బూట్లు తొడిగేది, జోల పాడుతూ బకిల్స్ బిగించేది. అందుకే ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు వాళ్లు ఏం చెప్పారో, మళ్లీ ఎప్పుడు రావాలో రాసిన కాగితం తెచ్చి మీ ఏఎన్ఎంకి చూపించండి. చీటీలో కింది సగం దానికోసమే ఉంటుంది. ఖాళీగా ఉంటే డాక్టరుని రెండు ముక్కలు రాసిమ్మని అడగండి, అడిగితే రాస్తారు. అది లేకపోతే నేను కంటి బాబు విషయంలో పెట్టినట్టే ఇంకొకరు టిక్కు పెట్టేస్తారు.

ఈ చీటీలు, తేదీలు అన్నీ నిదానంగా చూపించుకునే జబ్బులకు. నెలలోపు బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60కి పైగా ఊపిరి తీస్తున్నా, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు చల్లబడినా, జ్వరంతో కాలినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా చీటీ కోసం ఎవరి దగ్గరికీ వెళ్లొద్దు, 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి గుడ్డ కప్పండి.

చివరగా మీ అత్తగారి సంగతి. ఆమెతో వాదించకుండా వెంట తీసుకెళ్లండి. పరీక్ష గదిలో ఆమెనే పాప పక్కన కూర్చోనివ్వండి, డాక్టరు చెప్పేది ఆమె చెవినే పడనివ్వండి. రేపు యంత్రం పెట్టాల్సి వస్తే, మీరు పనికి పోయినప్పుడు పాప చెవిలోంచి అది ఊడిపోతే మళ్లీ పెట్టేది, బ్యాటరీ చూసేది, పాప ముఖంలోకి చూసి మాటలు చెప్పేది ఆమే. బెరా తేదీ ఎప్పుడు ఇచ్చారో ఇక్కడ రాయండి, రిపోర్టు అర్థం కాకపోతే నేను చదివి చెబుతాను.